పొలాన్ని పొలంగా ఉంచినందుకు



శాన్ హోజే, సన్నీవేల్, క్యూపర్టీనో. ఈ ఊళ్ళ పేర్లు ఇవాళ మన పల్లెటూళ్ళలో కూడా కొత్త కాదు. ఎవరి అబ్బాయో, ఎవరి కోడలో అక్కడ ఉద్యోగం చేస్తుంటారు. ఈ ఊళ్ళన్నీ అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు సాంటా క్లారా లోయలో ఉన్నాయి. లోకం ఆ లోయను సిలికాన్ వ్యాలీ అంటుంది. 1950 ప్రాంతంలో అక్కడికి వెళ్ళినవాళ్ళకు కనిపించింది మాత్రం పండ్ల తోటలు. ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ. లోయ పొడుగునా తోటలే. వాటి మధ్య పండ్లను డబ్బాల్లో నింపి దేశదేశాలకు పంపే కర్మాగారాలు. అంత సారమున్న నేల ఎక్కడో గాని దొరకదు.

ఆ తోటలు ఏమయ్యాయి? ఇళ్ళయ్యాయి, రోడ్లయ్యాయి, ఆఫీసులయ్యాయి. 1950లో శాన్ హోజే జనాభా 95 వేలు. 1970 నాటికి నాలుగున్నర లక్షలు దాటింది. వచ్చిన జనానికి ఇళ్ళు కావాలి, కాదనలేం. మంచి ధర వచ్చిందని సంతోషంగా అమ్ముకున్న రైతులూ ఉన్నారు. కానీ అమ్మడం ఇష్టం లేకపోయినా పన్ను భారం మోయలేక తోట వదులుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రోజు నా ప్రసంగం ఆ పన్ను గురించి. దాన్ని సరిదిద్ది పల్లె భూమిని పల్లె భూమిగా నిలబెట్టాలని అక్కడివాళ్ళు చేసిన ప్రయత్నాల గురించి. అందులో మనం తీసుకోవలసినదేమిటో చివర్లో చెబుతాను.

అమెరికాలో ఊరి బడి, అగ్నిమాపక దళం, స్థానిక రోడ్లు చాలావరకు ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. ఇంటికీ పన్ను ఉంది, పొలానికీ ఉంది. ఆ పన్నును మార్కెట్ విలువ మీద లెక్కగట్టేవారు. మార్కెట్ విలువ అంటే, ఆ భూమిని ఎక్కువ లాభం వచ్చే పనికి వాడితే ఎంత పలుకుతుందో అంత. అందులో ఏం పండుతోంది, ఎంత మిగులుతోంది అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఇది రైతు మీద ఎలా పడుతుందో చూడండి. ఒక రైతుకు 40 ఎకరాల తోట ఉందనుకుందాం. ఖర్చులు పోను ఎకరానికి 200 డాలర్లు మిగులుతాయి. అంటే ఏడాదికి 8,000 డాలర్లు. తోటగా ఆ భూమి ఎకరం 2,000 డాలర్లు చేస్తుంది. పన్ను 2 శాతం అనుకుంటే 1,600 డాలర్లు కట్టాలి. కష్టమే అయినా కట్టగలడు. ఇంతలో పక్క తోట కొట్టేసి ఇళ్ళ స్థలాలు చేశారు. ఈయన భూమి కూడా ఎకరం 20,000 పలుకుతుందని అధికారి రాసుకున్నాడు. పన్ను 16,000 అయింది. తోట మీద వచ్చేది 8,000, కట్టవలసినది 16,000. ఈ రైతు ఏ తప్పూ చెయ్యలేదు. చెట్లు నరకలేదు, ప్లాట్లు వెయ్యలేదు. పక్కవాడు అమ్మినందుకు ఈయన కూడా అమ్ముకోవలసి వచ్చింది. ఈయన అమ్మితే ఆ పక్కాయన పన్ను పెరుగుతుంది. ఇలా ఒక్కొక్క తోటా ఊళ్ళో కలిసిపోయింది.

ఈ అన్యాయాన్ని మొదట చట్టంతో సరిదిద్దింది తూర్పు తీరాన ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రం. 1956లో. పొలాన్ని పొలంగా వాడుతున్నంతకాలం పొలం విలువ మీదే పన్ను వెయ్యాలన్నది ఆ చట్టం సారం. తర్వాత ఇదే సూత్రాన్ని ఏదో ఒక రూపంలో అన్ని రాష్ట్రాలూ తీసుకున్నాయి.

కాలిఫోర్నియా 1965లో మరో అడుగు ముందుకు వేసింది. ఆ చట్టాన్ని తెచ్చిన శాసనసభ్యుడి పేరుతో దాన్ని విలియమ్సన్ చట్టం అంటారు. మేరీల్యాండ్ రాయితీ మాత్రమే ఇచ్చింది. కాలిఫోర్నియా రాయితీ ఇస్తూ బదులుగా రైతు నుంచి మాట తీసుకుంది. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రైతు కౌంటీతో ఒప్పందం రాసుకుంటాడు. పదేళ్ళపాటు ఈ భూమిలో సేద్యం, పశువుల మేపు, వాటికి సంబంధించిన పనులు తప్ప వేరే ఏదీ చెయ్యనని. కౌంటీ, దానికి బదులుగా, భూమి మీద వచ్చే ఆదాయాన్ని బట్టి పన్ను వేస్తుంది.

ఈ ఒప్పందంలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ప్రతి ఏడాదీ అది దానంతటదే మరో ఏడాది పొడిగించుకుంటుంది. కాబట్టి ఎప్పుడు చూసినా ఇంకా సుమారు పదేళ్ళ గడువు మిగిలే ఉంటుంది. రైతు బయటికి రావాలనుకుంటే ఇక పొడిగించవద్దని నోటీసు ఇవ్వాలి. అప్పటినుంచి మిగిలిన తొమ్మిదేళ్ళూ ఒప్పందం అమల్లోనే ఉంటుంది, పన్ను మాత్రం ఏటేటా పెరుగుతూ మామూలు స్థాయికి చేరుతుంది. వెంటనే రద్దు కావాలంటే కౌంటీ పాలకమండలి బహిరంగ విచారణ జరిపి ఒప్పుకోవాలి. పైగా భూమి మార్కెట్ విలువలో పన్నెండున్నర శాతం రుసుముగా కట్టాలి. భూమి చేతులు మారినా ఒప్పందం మారదు, కొన్నవాడు కూడా దానికి కట్టుబడాలి.

దీని కింద కాలిఫోర్నియాలో కోటిన్నర ఎకరాలకు పైగా భూమి చేరింది. చిన్న సంగతి కాదు. అయినా లోపాలు బయటపడ్డాయి. అవి కూడా చెప్పుకోవాలి. చేరడం రైతు ఇష్టం కాబట్టి, ఊరికి దూరంగా ఉన్న భూములు ఎక్కువగా చేరాయి. ఊరి అంచున ఉండి రేపో మాపో ప్లాట్లు కాబోతున్న భూములు తక్కువగా చేరాయి. అంటే ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడే రక్షణ పలచబడింది. రెండో లోపం డబ్బుకు సంబంధించినది. రైతుకు పన్ను తగ్గితే కౌంటీకి రాబడి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి 1970లనుంచి రాష్ట్రం కౌంటీలకు కొంత సొమ్ము ఇచ్చేది. 2009లో రాష్ట్ర ఖజానా కష్టాల్లో పడగానే మొదట కోసేసిన ఖర్చుల్లో అది ఒకటి. దాంతో కొన్ని కౌంటీలు కొత్త ఒప్పందాలు రాసుకోవడం మానేశాయి. రాయితీ ప్రకటించేది ఒకరు, దాని ఖర్చు భరించేది ఇంకొకరు అయితే ఆ పథకం కష్టకాలంలో నిలబడదు.

ఒప్పందం గడువు తీరితే ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు రెండో పద్ధతిలో దొరుకుతుంది. దాన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. మనం సంరక్షణ దస్తావేజు అనుకుందాం.

భూమి నాది అన్నప్పుడు నా చేతిలో చాలా హక్కులుంటాయి. దున్నుకునే హక్కు, కౌలుకు ఇచ్చుకునే హక్కు, అమ్ముకునే హక్కు, పిల్లలకు రాసే హక్కు, ముక్కలు చేసి ఇళ్ళు కట్టే హక్కు. సంరక్షణ దస్తావేజు రాసే యజమాని ఈ చివరి హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకుంటాడు. ఒక ల్యాండ్ ట్రస్టుకో, ప్రభుత్వ సంస్థకో రాసిస్తాడు. ఆ ట్రస్టు ఆ భూమిలో ఇళ్ళు కట్టదు, దాన్ని అమ్మదు. ఎవరూ కట్టకుండా కాపలా కాయడమే దాని బాధ్యత. మిగిలిన హక్కులన్నీ యజమానివే. అమ్మినా, వారసులకు ఇచ్చినా దస్తావేజు షరతులు భూమి వెంటే వెళతాయి.

ఇది నేల మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే శాన్ ఫ్రాన్సిస్కోనుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్ళాలి. అది మారిన్ కౌంటీ. సముద్రపు గాలికి పచ్చబడ్డ గుట్టలు, గుట్టల మీద పాడి ఆవులు. 1960లలో ఆ తీరం దాకా పెద్ద రహదారి వెయ్యాలని, వంతెన దగ్గర 30 వేలమంది ఉండే కొత్త నగరం కట్టాలని పథకాలు తయారయ్యాయి. జనం ఎదురు తిరిగారు, ఆ పథకాలు ఆగాయి. 1970ల మొదట్లో కౌంటీ ఒక నిబంధన పెట్టింది: పడమటి పల్లెల్లో 60 ఎకరాలకు ఒక్క ఇల్లే.

చాలామంది పాడి రైతులకు అది రుచించలేదు. తమ భూమి విలువను ఎవరో కూర్చుని ఒక్క గీతతో కోసేశారని బాధపడ్డారు. ఆ బాధలో న్యాయముంది. అప్పుడు 1980లో ఇద్దరు మహిళలు చేతులు కలిపారు. ఎలెన్ స్ట్రాస్ పాడి రైతు. ఫిలిస్ ఫేబర్ జీవశాస్త్రవేత్త. ఆవులూ, ఎరువులూ వాగుల్ని పాడుచేస్తాయని పర్యావరణవాదులు, పట్నంవాళ్ళు వచ్చి తమ మీద పెత్తనం చేస్తున్నారని రైతులు కీచులాడుకుంటున్న రోజుల్లో, రైతు ఉంటేనే ఈ గుట్టలు మిగులుతాయని ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. మారిన్ వ్యవసాయ భూముల ట్రస్టును స్థాపించారు. అమెరికాలో కేవలం సేద్యపు భూమి కోసం పుట్టిన మొదటి ల్యాండ్ ట్రస్టు అదే.

ఆ ట్రస్టు రైతుకు ఉపన్యాసం చెప్పలేదు, డబ్బిచ్చింది. మదింపుదారు ముందు భూమి విలువ కడతాడు, ఇళ్ళు కట్టే హక్కు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని. ఆ రెండింటి తేడాయే వదులుకున్న హక్కు ఖరీదు. ఆ సొమ్ము రైతు చేతికొస్తుంది. దాంతో అప్పు తీర్చినవాళ్ళున్నారు, కొట్టాలు బాగుచేసుకున్నవాళ్ళున్నారు, అన్నదమ్ముల వాటాలు ఇచ్చేసి పొలం ముక్కలు కాకుండా కాపాడుకున్నవాళ్ళున్నారు. ట్రస్టుకు విరాళాలు వస్తాయి, ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల సొమ్ము, అమ్మకపు పన్నులో వాటా కూడా వచ్చాయి. ఇవాళ ఆ ఒక్క కౌంటీలో 50 వేల ఎకరాల పైచిలుకు భూమి ఈ రక్షణలో ఉంది. స్ట్రాస్ కుటుంబపు డెయిరీ పాలు గాజు సీసాల్లో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

ట్రస్టు దగ్గర డబ్బు లేనప్పుడు, లేదా యజమాని దానంగానే ఇవ్వదలుచుకున్నప్పుడు, కేంద్ర ఆదాయపు పన్ను సాయపడుతుంది. 1980నుంచి ఇలాంటి శాశ్వత దానానికి పన్ను చట్టంలో స్పష్టమైన స్థానం ఉంది. ఆ భూమి వన్యప్రాణుల ఆవాసమో, ప్రజలకు మేలు చేసే ఖాళీ నేలో, చారిత్రక స్థలమో, జనం ఆటపాటలకు పనికొచ్చే చోటో అయి ఉండాలి. వదులుకున్న హక్కు విలువను యజమాని తన ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవచ్చు. 2006లో దీన్ని పెంచారు, 2015లో శాశ్వతం చేశారు. మామూలు యజమాని ఏటా తన ఆదాయంలో సగం వరకు, సేద్యమే ప్రధాన జీవనాధారమైన రైతు నూటికి నూరు శాతం వరకు తగ్గించుకోవచ్చు. మిగిలిపోయిన దాన్ని ఆ తర్వాత 15 ఏళ్ళపాటు వాడుకోవచ్చు.

వినడానికి ఉదారంగానే ఉంది. కానీ ఇందులో ఒక వంకర ఉంది. ఆదాయం బాగా ఉండి పన్ను ఎక్కువ కట్టేవాడికి ఈ తగ్గింపు వల్ల చాలా కలిసొస్తుంది. వెయ్యి ఎకరాలున్నా చేతిలో రొక్కం ఆడని రైతు అసలు కట్టేదే కొద్దిపాటి పన్ను. ఆయనకు తగ్గేదేముంటుంది? దానం ఒకటే, ఫలితం వేరు. దీన్ని గమనించి వర్జీనియా, కొలరాడో రాష్ట్రాలు 2000 ప్రాంతంలో తమ రాష్ట్ర పన్నులో కొత్త దారి తీశాయి. భూమి హక్కు దానం చేసిన యజమానికి పన్ను జమ, అంటే కట్టవలసిన పన్నులోంచే తీసివేసే మొత్తం, ఇస్తారు. వర్జీనియాలో అది ఇప్పుడు దానం విలువలో 40 శాతం. తనకు అంత పన్ను లేకపోతే ఆ జమను పన్ను కట్టవలసిన ఇంకొకరికి అమ్ముకోవచ్చు. రైతుకు రొక్కం చేతికొస్తుంది. పేద యజమాని చేసిన త్యాగానికి కూడా విలువ కట్టినందుకు ఈ పద్ధతి నాకు నచ్చింది.

డబ్బు ఉన్నచోట మోసం కూడా చేరుతుంది. కొందరు దళారులు చౌకగా భూమి కొని, ధనవంతులను వాటాదారులుగా చేర్చుకునేవారు. ఇక్కడ పెద్ద రిసార్టు వస్తుందని, భూమి విలువ కొన్న ధరకు ఎన్నో రెట్లని మదింపు రాయించేవారు. రాని రిసార్టును త్యాగం చేశామని, పెట్టిన సొమ్ముకు నాలుగైదు రెట్ల పన్ను తగ్గింపు పంచుకునేవారు. నిజమైన రైతు పేరుతో పుట్టిన రాయితీని ఎవరో తినేశారు. పన్నుల శాఖ 2016 చివర్లో ఈ వ్యవహారాలను అనుమానిత జాబితాలో పెట్టింది. 2022 డిసెంబరులో అమెరికా పార్లమెంటు చట్టమే చేసింది. ఇలాంటి భాగస్వామ్య సంస్థలు పెట్టుబడికి రెండున్నర రెట్లు మించి తగ్గింపు అడిగితే చెల్లదు. మూడేళ్ళకు పైగా చేతిలో ఉంచుకున్న భూములకు, కుటుంబ సంస్థలకు మినహాయింపు ఇచ్చారు. భూమిని నిజంగా అంటిపెట్టుకున్నవాళ్ళెవరో, పన్ను కోసం వచ్చినవాళ్ళెవరో వేరుచేసే గీటురాయి అది.

పన్ను ఊరటను ఇంకో తీరులో ఇచ్చిన చిన్న రాష్ట్రం కూడా ఉంది, ఈశాన్యాన ఉన్న న్యూ హాంప్‌షైర్. అక్కడ 1973నుంచి 10 ఎకరాలు, అంతకు మించిన అడవికీ, పొలానికీ వాడకాన్ని బట్టే పన్ను. యజమాని తన భూమిలో జనాన్ని నడవనిస్తే, చేపలు పట్టనిస్తే, మంచు మీద జారనిస్తే, పన్ను లెక్కలో మరో 20 శాతం తగ్గింపు. తీరా ఆ భూమిలో ఇళ్ళు కడితే మార్కెట్ విలువలో 10 శాతం ఒక్కసారిగా కట్టాలి. ఆ రాష్ట్రంలో సగం నేల ఈ ఏర్పాటులో ఉంది. ఊరంతా పన్నులో వాటా వదులుకుంటోంది కాబట్టి, ఊరివాళ్ళకు ఆ అడవిలో నడిచే అవకాశం దక్కాలి. ఈ న్యాయం చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది.

ఇలాంటి ఏర్పాటు ముందుగా చెయ్యకపోతే ఏమవుతుందో మళ్ళీ సాంటా క్లారా లోయే చెబుతుంది. శాన్ హోజే దక్షిణ అంచున కొయోటీ వ్యాలీ అని కొంత నేల మిగిలింది. రెండు కొండల వరసల మధ్య అడవి జంతువులు దాటే దారి అది, వరద నీరు నిలిచి ఇంకే చోటు. ఒకప్పుడు సిస్కో సంస్థ 20 వేలమంది పనిచేసే ప్రాంగణం అక్కడ కట్టాలనుకుంది, అది ఆగింది. చివరికి 2019లో నగరం, ఒక ల్యాండ్ ట్రస్టు, ఒక ప్రభుత్వ సంస్థ కలిసి అందులో 937 ఎకరాలు కొన్నాయి. ఖర్చు 9 కోట్ల 30 లక్షల డాలర్లు. ఎకరానికి దాదాపు లక్ష డాలర్లు. అందులో సగం వరకు ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల సొమ్మే. 1950లలో తోట రైతుకు పన్నులో కొంత ఊరట ఇచ్చి ఉంటే ఎంత ఖర్చయ్యేదో ఊహించుకోండి.

ఇక మన సంగతి. మన దేశంలో వ్యవసాయాదాయానికి ఆదాయపు పన్ను లేదు. పట్టణ పరిధికి తగినంత దూరంలో ఉన్న పల్లె పొలం అమ్మితే వచ్చే లాభానికి కూడా పన్ను లేదు. జనాభా 10 లక్షలు దాటిన నగరమైతే ఆ దూరం 8 కిలోమీటర్లు. రైతుకు ఇది అవసరమైన రక్షణే, దాన్ని తియ్యమని నేననను. కానీ ఒక సంగతి గమనించండి. ఆ పొలాన్ని కొన్నవాడు రేపు నాట్లు వేసినా, రాళ్ళు పాతి ఎకరాల్లో కొన్నది గజాల్లో అమ్మినా, అమ్మినవాడికి దొరికే మినహాయింపు ఒకటే. ఇక్కడ రాయితీ ఉంది, బదులుగా తీసుకున్న మాట లేదు.

రెండో వైపు హైదరాబాదు చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల రక్షణకు 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. 84 గ్రామాల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదంది. ఉద్దేశం మంచిది. చెరువులు నగరమంతటివి. కానీ ఆ భారం మోసింది 84 గ్రామాల భూయజమానులు. గీతకు అవతల భూమి ధర కొండెక్కింది, ఇవతల రైతుకు పన్నులో ఊరట గానీ, వదులుకున్న హక్కుకు పరిహారం గానీ రాలేదు. ఏళ్ళ తరబడి జీవో ఎత్తెయ్యమని వాళ్ళు అడిగారు. 2022లో ప్రభుత్వం ఆంక్షలు సడలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఇక్కడ షరతు ఉంది, దానికి తగిన ప్రతిఫలం లేదు. ప్రతిఫలం లేని షరతును జనం కాపాడరు, ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తారు.

ఒకచోట షరతు లేని రాయితీ, మరోచోట రాయితీ లేని షరతు. మన పల్లె భూమి ఈ రెండింటి మధ్య కరిగిపోతోంది. మారిన్ పాడి రైతులు, న్యూ హాంప్‌షైర్ అడవి యజమానులు చూపించినది ఈ రెండూ కలిపే దారి. అమెరికా చట్టాలను మన మీద యథాతథంగా అతికించలేం. మన కమతాలు రెండెకరాలు, మూడెకరాలు. మన రైతు అప్పులు వేరు, మన రికార్డుల తగాదాలు వేరు. కానీ సూత్రం ఎక్కడైనా ఒకటే. చెరువు పరీవాహకంలోనో, అడవి అంచునో, ఊరికి గాలీ నీరూ ఇచ్చే మాగాణిలోనో భూమిని అలాగే ఉంచమని సమాజం కోరితే, ఆ ఖర్చు సమాజం పంచుకోవాలి. సొమ్ము తీసుకున్న యజమాని రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. ఆ మాట భూమి వెంటే పోవాలి. తప్పితే తిరిగి కట్టాలి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఏ సర్వే నంబరుకు ఇచ్చారో గ్రామ పంచాయతీ గోడ మీద కనిపించాలి.

మన పట్టణాలకు మాస్టర్ ప్లాన్లు తయారైనప్పుడు అభ్యంతరాలు, సూచనలు చెప్పమని ప్రభుత్వం ప్రజలను అడుగుతుంది. చాలామంది తమ ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పో చూసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు పటంలో ఆకుపచ్చ రంగు వేసిన భాగం చూడండి. రెండు ప్రశ్నలు రాసి ఇవ్వండి. ఈ భూమిని ఇలాగే ఉంచినందుకు యజమానికి మీరేమిస్తున్నారు? ఇచ్చినదానికి బదులుగా ఆయన దగ్గర ఏ మాట తీసుకుంటున్నారు? రెండింటికీ జవాబు ఉంటే ఆ రంగు పటంలోనే కాక నేల మీద కూడా నిలుస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా అభ్యంతరం చెప్పండి, అది మీ హక్కు.